చెప్పులు బయట విడువుము

జయంతియా కొండలు, మేఘాలయ
ఆదివారం సాయంత్రం

అక్కయ్యకు,

నీ చెల్లెలు కరుణ వందనాలు. ప్రభువు మిమ్మల్నందరినీ చల్లగా చూస్తున్నాడని నమ్ముతూ రాస్తున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? డాక్టరు చెప్పిన వ్యాయామం రోజుకు పదిసార్లు చేస్తున్నావా, లేక చేసినట్టు బావగారికి చెబుతున్నావా? బావగారి దగ్గు తగ్గిందా? నందిగామలో వానలు తగ్గాయా? పోయిన ఉత్తరంలో ఈ నాలుగూ అడిగాను. ఒక్కదానికీ జవాబు రాయలేదు కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను.

ఇక్కడ మేము నలుగురమూ క్షేమం. అబ్బాయి ప్రసాదుకు సిమెంటు ఫ్యాక్టరీ లాబులో పని కుదుటపడింది. కోడలు సునీత ఫ్యాక్టరీ ఆసుపత్రిలోనే నర్సుగా చేరింది. మనవరాలు హన్నా బడికి వెళ్తోంది. నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, దిగులు పెట్టుకోకు.

ఫోను చెయ్యకుండా ఉత్తరమెందుకని అడుగుతావు. ఈ కొండల్లో సిగ్నలు సరిగా రాదు. వచ్చినా నేను చెప్పేదాంట్లో సగం నీకు వినపడదు, వినపడిన సగం నువ్వు వినవు. కాగితమైతే బావగారు పైకి చదువుతారు, మధ్యలో పొయ్యి మీద పాలున్నాయని నువ్వు లేచి వెళ్ళలేవు.

నీ ఉత్తరం గురువారం అందింది. అందులో నువ్వడిగినదానికే ఇది జవాబు. వీరులపాడు నుంచి మన చర్చికి వస్తున్న పద్మ సంగతి. రైతు కుటుంబం కోడలు, ఎనిమిది నెలలుగా ఆదివారం మానకుండా బస్సెక్కి వస్తోంది, ఇప్పుడు స్త్రీల సమాజంలో చేర్చుకోమని అడిగింది. తలలో పూలు, నుదుట బొట్టుతో వస్తుంది కాబట్టి అవి తీసేసి వస్తేనే చేర్చుకోవాలని కొందరు, అలా వద్దని కొందరు. వచ్చే నెల మొదటి ఆదివారం తేల్చాలి. రెండు వైపులా సమానంగా ఉన్నారు, అధ్యక్షురాలివి కాబట్టి నీ మాట ఎటు పడితే అటు. "ఆ నిబంధన రాసింది నువ్వే కదా, నువ్వే చెప్పు" అని రాశావు. నిజమే. సమాజం పుస్తకంలో పూలూ బొట్టూ వద్దన్న ఆరో నిబంధన నా చేతిరాతే. జవాబు చెప్తాను. కానీ ముందు ఇక్కడ నేను చేసిన పని నువ్వు వినాలి. వినకుండా చివరి పేజీ తిప్పొద్దు.

మేము వచ్చి పదకొండు వారాలయింది. అందులో వాన పడని రోజులు పంతొమ్మిది. క్యాలెండరు మీద గుర్తు పెడుతున్నాను. ఉతికిన బట్ట ఆరదు. కుంపటి మీద బుట్ట బోర్లించి దాని మీద పరుస్తున్నాం, అందుకని నా చీరలన్నీ పొగవాసన. కందిపప్పు రెండు విజిల్స్ ఎక్కువ పెడితే గానీ ఉడకదు. అన్నానికి మాత్రం లోటు లేదు, వీళ్ళూ మనలాగే మూడు పూటలా అన్నమే తింటారు. ఎండుచేపల పచ్చడి ఒకటి చేస్తారు, వాసన వీధి చివరికి కొడుతుంది. నేను ముక్కు మూసుకోలేదు, మన ఇంట్లో ఎండుచేపలు తిని పెరిగినదాన్ని ముక్కు మూసుకుంటే నవ్వుతారు. జగ్గయ్యపేటలో మనకు తెల్లదుమ్ము అలవాటే కదా. ఇక్కడా అదే సున్నపురాయి, అదే దుమ్ము. కాకపోతే అక్కడ ఎండలో ఎగురుతుంది, ఇక్కడ వానలో బురదై చెప్పులకు అంటుకుంటుంది.

మొదటి రెండు వారాలు చాలా కష్టంగా గడిచాయి, దాచను. కొడుకు, కోడలు డ్యూటీకి, పిల్ల బడికి. ముప్పై నాలుగేళ్ళు పిల్లల అరుపుల మధ్య పనిచేసినదాన్ని, పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. కిటికీలోంచి చూస్తే మబ్బు. ఎవరితో మాట్లాడదామన్నా వీళ్ళ భాష నాకు రాదు, నా హిందీ ఎవరికీ అర్థం కాదు.

మొదటి ఆదివారం కొండ మీద చర్చికి వెళ్ళాం. ఇక్కడ ఊరంతా మన మతమే అక్కయ్యా, తాతల కాలం నుంచీ. చర్చి గుమ్మం దగ్గర నేను అలవాటుగా చెప్పులు విడిచాను. తలమీద కొంగు కప్పుకుని లోపలికి వెళ్ళి చూద్దును కదా, అందరి కాళ్ళకీ బూట్లు! పెద్దవాళ్ళు, పిల్లలు, పాట పాడేవాళ్ళు, ఆఖరికి పాస్టరుగారు కూడా. టకటకా నడుచుకుంటూ బల్లల మధ్యకు వెళ్తున్నారు.  మోషేకు మండే పొద దగ్గర ఏం చెప్పాడు దేవుడు? చెప్పులు విడవమన్నాడా లేదా? ప్రసాదు చెవిలో అడిగాను. "అమ్మా, ఇక్కడి చలికి మోషే అయినా సాక్సు అడిగేవాడు, నువ్వు కూర్చో" అన్నాడు. వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, అన్నిటికీ వేళాకోళం.

సిమెంటు నేల మంచులా ఉంది. పాదాలు ఒకదానిమీద ఒకటి వేసుకుని కూర్చున్నాను. ఇంతలో ఒకావిడ, నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది, బయటి నుంచి నా చెప్పులు పట్టుకొచ్చింది. తన చేతిరుమాలుతో బురద తుడిచి, నా పాదాల పక్కన పెట్టి, వేసుకోమని సైగ చేసింది. మరిచిపోయి వదిలేశాననుకుంది పాపం. నేను వేసుకోలేదు. తల అడ్డంగా ఊపాను. ఆవిడ తన శాలువ తీసి నా పాదాల మీద కప్పింది.

ఆవిడ పేరు ఐబా. ఇక్కడ ఆడవాళ్ళను గౌరవంగా కాంగ్ అంటారు, మన అక్క లాగా. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా కాంగ్ ఐబాకు టీ, అన్నం దుకాణముంది. మర్నాటి నుంచి పదకొండు గంటలకు నేను అక్కడికి వెళ్ళి కూర్చోవడం మొదలైంది. పొయ్యి పక్క ముక్కాలిపీట నాకోసం వేరే ఉంచేది. ఆమె హిందీ, నా హిందీ రెండూ ముక్కలే. ఆ ముక్కలతోనే ఆమె భర్త పోయిన సంగతి నాకు తెలిసింది, మా ఆయన పోయిన సంగతి ఆమెకు తెలిసింది. అప్పటి నుంచి గడియారం చప్పుడు నాకు వినపడలేదు.

మూడో ఆదివారం నుంచి మా క్వార్టర్సులో మధ్యాహ్నం కూడిక పెట్టాను. చర్చిలో పాటల రాగాలు మనవే, మాటలే వేరు, నేను తెలుగులో పాడేస్తాను. ప్రసంగం మాత్రం ముక్క అర్థం కాదు. మనవాళ్ళు ఇక్కడ ఆరు కుటుంబాలున్నారు. జగ్గయ్యపేట ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చినవాళ్ళే ఎక్కువ. రెడ్డిగూడెం ఫిట్టరు దానియేలు, వాళ్ళావిడ, ఇంకా కొందరు. నేను హాజరు పుస్తకం పెట్టాను. గోడమీద గుమ్మం పక్కన అట్టముక్క మీద మూడు భాషల్లో నేనే రాసి అంటించాను. తెలుగులో "చెప్పులు బయట విడువుము. ఇది ప్రార్థనా స్థలము." హిందీలో, ఇంగ్లీషులో అదే. ప్రసాదు చూసి, "విడువుము ఏంటమ్మా, విడవండి అనొచ్చుగా" అన్నాడు. పరిశుద్ధ స్థలం దగ్గర బతిమాలడమేమిటని నేను మార్చలేదు.

కూడికలో వరుసగా పౌలు సువార్త ప్రయాణాలు చదివిద్దామనుకున్నాను. ఎందుకంటే మేమందరమూ పెట్టెలు మోసుకుని వచ్చినవాళ్ళమే. నీతో దాపరికమేమిటి, ఇన్నేళ్ళు ఆదివారపు బడిలో నేను ఆ ప్రయాణాలను ఊళ్ళ పేర్ల జాబితాగానే చెప్పాను. కుప్ర, పెర్గే, లుస్త్ర, దెర్బే. పిల్లలు వరుస తప్పితే చేతిమీద కొట్టాను. ఇప్పుడు కొత్త ఊళ్ళో కూర్చుని చదువుతుంటే ఆ మనుషులు నాకు కనపడ్డారు.

ఒకటి చెప్తా విను. లుస్త్రలో పౌలును రాళ్ళతో కొట్టి, చచ్చాడనుకుని ఊరిబయటికి ఈడ్చేశారు. లేచి ఏం చేశాడు? అదే ఊళ్ళోకి మళ్ళీ వెళ్ళాడు! అంతటితో ఆగలేదు, కొన్నాళ్ళకు తిరుగు ప్రయాణంలో ఇంటికి దగ్గరిదారి చూసుకోకుండా, తనను కొట్టిన ఊళ్ళమీదుగానే వెనక్కి వచ్చాడు. అక్కడ నమ్మినవాళ్ళు నలుగురున్నారు, వాళ్ళెలా ఉన్నారో చూడాలి కదా. నన్ను ఒకసారి స్కూలు కమిటీలో ఒకాయన మాటన్నాడని పదేళ్ళు ఆ వీధిలో నడవలేదు నేను. నీకు తెలుసు.

ఇంకొకటి. బయల్దేరేటప్పుడు పౌలును, తోడుగా బర్నబాను అంతియొకయ సంఘం ప్రార్థించి పంపింది. తిరిగొచ్చాక వాళ్ళు సంఘాన్ని కూర్చోబెట్టి, ఎక్కడెక్కడ ఏం జరిగిందో మొత్తం అప్పజెప్పారు. అలా తిరిగొచ్చి అప్పజెప్పేవాళ్ళంటే నాకెంత గౌరవమో నీకు చెప్పక్కర్లేదు. కొరింథులో పౌలు డేరాలు కుట్టి తన తిండి తాను సంపాదించుకున్నాడు. ఇది చదివిన రోజు దానియేలు, "అయితే ఆయన కూడా మాలాగా షిఫ్టు చేసి వచ్చి వాక్యం చెప్పేవాడన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు గానీ అతని ముఖంలో వెలుగు నేను చూశాను. మేము సువార్త కోసం రాలేదు, సిమెంటు కోసం వచ్చాం. అయినా ఆ పనిచేసే చేతులకు ఇంత మర్యాద ఉందని అతనికి అప్పుడే తెలిసినట్టుంది.

ఇలా చెప్తున్నాను నేను, మహా గొప్పగా. ఇంతలో ఏడో ఆదివారం వచ్చింది.

సునీత పిలిచిందని కాంగ్ ఐబా మా కూడికకు బయల్దేరింది. వెంట ఇద్దరు చెల్లెళ్ళు. పొద్దుటి చర్చి బట్టలతోనే, భుజాలమీద గళ్ళ శాలువలతో, నవ్వుకుంటూ మెట్లెక్కారు. కాంగ్ కాళ్ళకు నల్లబూట్లు, అద్దంలా మెరుస్తున్నాయి. చేతిలో ఏదో మూట. గుమ్మం దాటబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను. అట్టముక్క చూపించాను. నా బడి గొంతుతోనే అన్నాను, "జూతా బాహర్."

ఆమె అట్ట వంక చూసింది. తన బూట్ల వంక చూసింది. కిందికి వంగబోయి, ఆగింది. తర్వాత నవ్వి, పొయ్యి ఆర్పకుండా వచ్చానని ఏదో చెప్పి, మూట నా చేతిలో పెట్టి, చెల్లెళ్ళను తీసుకుని దిగిపోయింది. మూటలో నారింజపళ్ళు. పద్దెనిమిది. నేను లోపలికి వచ్చి హాజరు వేసుకుని, ఆ రోజు అధ్యాయం చివరిదాకా చదివించాను.

ఆ వారం దుకాణానికి వెళ్తే టీ ఇచ్చింది. ముక్కాలిపీట కూడా ఉంది. మాటే లేదు. పొయ్యివైపు తిరిగి పని చేసుకుంటోంది. నా హిందీ విసుగు పుట్టిందేమో అనుకున్నాను. ఎనిమిదో ఆదివారం రాలేదు. తొమ్మిదో ఆదివారమూ రాలేదు.

ఆ తొమ్మిదో ఆదివారం, ఒక సంగతి మిగిలిపోయిందని వెనక్కి వెళ్ళి, యెరూషలేములో పెద్దలు కూర్చున్న సభ చదివించాను. నీకు తెలిసిందే. యూదులు కాని అన్యజనులు నమ్ముతున్నారు సరే, వాళ్ళు ముందు మన ఆచారాలన్నీ పాటించాలా వద్దా అన్న గొడవ. మోయలేని బరువు వాళ్ళ మెడ మీద పెట్టొద్దని పేతురు లేచి చెప్పాడు. మన పెద్దలే మొయ్యలేకపోయారు, మనమూ మొయ్యలేకపోయాం అన్నాడు. నేను బాగా వివరించాను. ఆ సభ అటు తిరిగి ఉంటే సువార్త మునేరు ఒడ్డుదాకా వచ్చేదే కాదు, మన తాతను బాప్తిస్మానికి ఏ కాలువలో ముంచేవాళ్ళు అని కూడా అన్నాను. అందరూ తలలూపారు.

దానియేలు మాత్రం గుమ్మం వైపు చూస్తూ, "అమ్మగారూ, ఆ యెరూషలేము పెద్దలు మనింటికొస్తే కాసేపు బయటే నిలబడిపోతారండి" అన్నాడు.

"ఏం?" అన్నాను.

"బోర్డు చదువుకోవాలి కదండీ. మూడు భాషలాయె."

వాళ్ళావిడ మోచేత్తో పొడిచింది. నేను ప్రార్థన చేసి ముగించాను. అందరూ వెళ్ళాక సునీతను పిలిచాను. ఆ పిల్ల నాతో ఎదురు మాట్లాడదు, నీకు తెలుసు. ఆ రోజు గిన్నెలు సర్దుతూనే చెప్పింది.

"అత్తయ్యా, కాంగ్ ఐబాకు ఆ బూట్లు ఒక్క జతే. ఆదివారానికే తీస్తుంది. శనివారం సాయంత్రం కూర్చుని పాలిష్ చేసుకుంటుంది. దుకాణంలో అయితే రబ్బరు చెప్పులే. మనింటికి బూట్లు వేసుకుని వచ్చిందంటే మనల్ని చర్చి అంత ఎక్కువ చేసింది."

"ఆ మాట చెప్తే ఆమెకు మినహాయింపు ఇచ్చేదాన్నిగా!" అన్నాను.

"మినహాయింపు అడుక్కుని లోపలికి రావాలా అత్తయ్యా?" అంది.

అక్కయ్యా, గుమ్మం దగ్గరికి వెళ్ళి నా అట్టముక్క నేనే మళ్ళీ చదువుకున్నాను.  మనకు దేవుడి ముందు చెప్పులు విడవడం మర్యాద. వాళ్ళకు దేవుడి ముందు ఉన్నవాటిలో మంచి బూట్లు తుడుచుకుని వేసుకుని రావడం మర్యాద. ఆమె నా చెప్పులు రుమాలుతో తుడిచి లోపలికి తెచ్చింది. నేను ఆమె బూట్లతో ఆమెను కూడా బయట ఆపాను. వాళ్ళ ఊరికి వచ్చి, వాళ్ళ చలిలో, వాళ్ళ పొయ్యి దగ్గర కాచుకుని, వాళ్ళకే నిబంధన పెట్టాను.

మంగళవారం దుకాణం సెలవు. సునీతను రావద్దని ఒక్కదాన్నే గొడుగేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. చెక్క ఇల్లు, మధ్యలో పొయ్యి. నన్ను చూసి లేచి నిలబడింది. నేను దారిపొడుగునా హిందీలో కూర్చుకున్న వాక్యం నోట్లోంచి రాలేదు. "కాంగ్, నేను తప్పు చేశా" అని తెలుగులోనే అనేశాను. తర్వాత హిందీలో అన్నాను, "మేరా గల్తీ." గల్తీ హిందీలో ఆడమాట, మేరా కాదు మేరీ అనాలని ప్రసాదు తర్వాత సరిచేశాడు. ఆమెకు మాత్రం అర్థమైంది.

ఆమె పొయ్యి ఎగదోసి, నన్ను పక్కన కూర్చోమంది. తర్వాత మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పింది. "కోపం లేదు, దీదీ. ఆలోచన. మీ దేవుడు బూట్లు తియ్యమంటాడు. మా దేవుడు అనలేదు. మరి ఇద్దరూ ఒక్కరేనా, కాదా? రెండు ఆదివారాలు అదే ఆలోచన."

చూశావా నా నిబంధన ఎంత దూరం వెళ్ళిందో. తాతల నాటి విశ్వాసం గల మనిషికి, దేవుడొకడేనా అని అనుమానం పుట్టించాను. గుమ్మం శుభ్రంగా ఉండాలని.

"ఒక్కడే," అన్నాను. "ఒక్కడే. బోర్డు నాది. దేవుడిది కాదు."

అప్పుడు నవ్వింది. నవ్వి ఒక చిన్న బుట్ట నా ముందుకు జరిపింది. ఇంటికి వచ్చినవాళ్ళకు ఇక్కడ మొదట ఇచ్చేది అదే, సున్నం రాసిన తమలపాకు, పచ్చివక్క. తీసుకోకపోతే ఆ ఇంటిని కాదన్నట్టు. వక్కాకు నమిలినవాళ్ళను బడి మెట్లెక్కనివ్వలేదు నేను, నీకు తెలుసు. ఎవరి పెళ్ళిలోనైనా మా ఆయన తాంబూలం తింటే మూడు రోజులు మాట్లాడేదాన్ని కాదు. తీసుకున్నాను. నమిలాను. వీళ్ళ వక్క మామూలుది కాదు అక్కయ్యా! చెవులు వేడెక్కాయి, నుదుట చెమట పట్టింది, ఆ చలిలో. కాంగ్, ఆమె చెల్లెళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. "దీదీ లాల్, దీదీ లాల్" అని, నా ముఖం ఎర్రబడిందని. పొయ్యి పక్కన పడుకోబెట్టి నీళ్ళిచ్చారు. ఇంటికి వచ్చేసరికి నోరంతా ఎర్రగా ఉంది. హన్నా చూసి, "నానమ్మా, నిన్ను ఎవరు కొట్టారు?" అంది.

పదో ఆదివారానికి బోర్డు తీసేశాను. కాంగ్, చెల్లెళ్ళు వచ్చారు, బూట్లతోనే. దానియేలు క్యాంటీను నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాడు. మనవాళ్ళు చెప్పులు విడిచి చాప మీద, వాళ్ళు బూట్లతో కుర్చీల్లో. లూదియ గురించి చదివాం. ఊదారంగు పొడి అమ్ముకునే వ్యాపారస్తురాలు, ఏటి ఒడ్డున ఆడవాళ్ళతో ప్రార్థన చేసుకునేది, నమ్మగానే పౌలును, ఆయన వెంట ఉన్న సీలను ఇంటికి రమ్మని బలవంతం చేసింది. సునీత హిందీలో చెప్తే కాంగ్ అంది, "దుకాణం ఉన్న ఆడది. ఊరుకుంటుందా, తినిపించే పంపుతుంది." అంత మంచి వ్యాఖ్యానం నేను ఏ పాస్టరుగారి నోటా వినలేదు. వాళ్ళు వెళ్ళాక నేల రెండుసార్లు తడిబట్ట పెట్టి తుడిచాను. అది మాత్రం మానలేకపోతున్నాను. ఈ రోజు కూడా తుడిచి, చేతులు కడుక్కుని కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇప్పుడు నీ జవాబు.

ఆరో నిబంధన నేను రాసినప్పుడు మంచి ఉద్దేశంతోనే రాశాను. మనవాళ్ళు వెనక్కి జారిపోకుండా గట్టు కడదామనుకున్నాను. లోపల ఉన్నవాళ్ళ కోసం కట్టిన గట్టు లోపలికి వచ్చేవాళ్ళకు అడ్డమవుతుందని అప్పుడు తోచలేదు. పద్మకు అత్తగారే పొద్దున్నే మాలకట్టి తలలో పెట్టి పంపుతుందని నువ్వే రాశావు. నేను ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. ఆమె మన చర్చికి రాదు, మన దేవుణ్ణి కొలవదు. అయినా కోడలు దేవుడి దగ్గరికి వెళ్తోంది, బోసితలతో వెళ్ళకూడదని పూలు పెట్టి బస్సెక్కిస్తోంది. అది మన మందిరానికి ఆ ఇల్లు ఇస్తున్న మర్యాద. ఆ పూలను గేటు దగ్గర పీకి పారేయమంటే మనం కొడుతున్నది ఎవరి ముఖాన?

బొట్టు సంగతి ఆమె, ప్రభువు చూసుకుంటారు. నేను మెత్తబడ్డానని అనుకోకు. సమాజంలో చేరాక వేళకు రావాలి, పుకార్లు మొయ్యకూడదు, రోగులను చూడ్డానికి వంతు ప్రకారం వెళ్ళాలి. ఈ మూడూ నువ్వు నిలబెట్టాలి, పద్మకైనా, ముప్పై ఏళ్ళుగా ఉన్నవాళ్ళకైనా. పుకార్ల విషయంలో ముప్పై ఏళ్ళవాళ్ళనే ముందు చూడు.

సభలో నా పేరు వాడుకో. నిబంధన రాసిన మనిషే అది తప్పని ఒప్పుకుంటోందని ఈ ఉత్తరం పైకి చదివించు. వక్క నమిలిన భాగం కూడా చదవనీ, నవ్వితే నవ్వుతారు.

కానీ ఒక్కటి అడుగుతాను. ఆ ఆదివారం ఓటు చెప్పే ముందు, శనివారం నువ్వు వీరులపాడు వెళ్ళు. మోకాలు నొప్పి అంటావు, ఆటో మాట్లాడుకో. పద్మ ఇంటికి వెళ్ళి వాళ్ళత్తగారిని పలకరించు. పౌలు, బర్నబా ఊరిబయట నిలబడి కేకలు వెయ్యలేదు, ఇళ్ళల్లోకి వెళ్ళారు, పెట్టింది తిన్నారు, ఆ ఇళ్ళ ముసలివాళ్ళతో కూర్చున్నారు. ఎనిమిది నెలలుగా ఆ అమ్మాయి మన దగ్గరికి వస్తోంది. మనలో ఒక్కరమైనా ఆమె గడప తొక్కామా? నీ ఉత్తరంలో లేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను.

వెళ్ళి భోజనం చేసిరా. ఏం పెడితే అది తిను, ఉప్పు ఎక్కువైందని ముఖం పెట్టకు. ఆ పెద్దావిడ నీ తలలో పూలు పెట్టబోతే తల వంచు. నువ్వు వంచినట్టు నాకు తెలిస్తే చాలు, మిగతాది ఆదివారం నీ నోట అదే వస్తుంది.

బావగారికి నా వందనాలు చెప్పు. పాస్టరుగారికి, సమాజంలో పెద్దలందరికీ పేరుపేరునా అడిగానని చెప్పు. వీలైతే పెద్ద అక్షరాల పాటల పుస్తకం ఒకటి, మీ ఇంట్లో కొట్టిన కందిపొడి అరకిలో పంపించు. కందిపొడి కాంగ్‌కు రుచి చూపించాలి, ఈసారి ఆమె చెమట పట్టాలి. మా నలుగురి కోసమూ, ఈ కొండల్లో కలిసిన మా చిన్న కూడిక కోసమూ రోజూ మోకరించినప్పుడు ఒక మాట అనుకో. మోకాలు వంగకపోతే కుర్చీలో కూర్చునే అనుకో, దేవుడు వింటాడు.

పెద్దదానివి, నీ దీవెన కోరుతూ,

నీ చెల్లెలు
కరుణ